నల్లపులికి కారణం కావాలా?

ఒడిశాలో సిమిలిపాల్ అడవి ఉంది, వినే ఉంటారు. అక్కడ కొన్ని పులులు నల్లగా ఉంటాయి. మరీ బొగ్గులా కాదులెండి. చారలే వెడల్పై ఒకదాన్నొకటి ఒరుసుకుపోతే, మధ్యమధ్య పసుపు ఇంతింత తొంగిచూస్తుంది.

వినగానే మనం అడిగేది ఒకటే: "నలుపు వల్ల దానికేం లాభం?" దట్టమైన అడవి కదా, నీడలో కనబడకుండా వేటాడ్డానికని మనమే జవాబు కూడా చెప్పేసుకుంటాం. కావచ్చు. పనికొచ్చే గుణమున్నవే ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకుంటాయి, ప్రకృతి వరణమంటే అదేగా!

కానీ 2021లో బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థకు చెందిన ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్ బృందం ఈ పులుల జన్యువులు తిరగేసింది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే. పెంపుడు పిల్లుల ఒంటిమీది సుడుల మచ్చలకూ ఈ జన్యువే మూలం. నలుపు తేలాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన ప్రతే రావాలి. అయినా అప్పటికి సిమిలిపాల్‌లో నూటికి 37 పులులు అలాంటివే! బయటి అడవుల్లో పరీక్షించిన వాటిలో ఒక్కదానికీ ఆ మార్పు లేదు.

సిమిలిపాల్ పులులకు బయటి సంబంధాలు రావు, అదీ సంగతి. తల్లికున్న రెండు ప్రతుల్లో పిల్లకు ఏది దక్కుతుందో ఎవరూ చెప్పలేరు. పులులు వేలల్లో ఉంటే ఆ హెచ్చుతగ్గులు సర్దుకుపోతాయి. పదో పాతికో ఉంటే మాత్రం, ఒకటి ఉచ్చులో పడి చచ్చినా, ఇంకోదానికి నాలుగు పిల్లలు బతికి బట్టకట్టినా మొత్తం లెక్కే మారిపోతుంది. ఇదే జన్యు విస్థాపనం. టెన్త్ పాఠంలో ఏనుగుల కాళ్లకింద నలిగిన పురుగులు గుర్తున్నాయా? మిగిలినవి గొప్పవై మిగల్లేదు, ఏనుగు అటు అడుగేయలేదు, అంతే.

నలుపు లాభమన్న మాటను ఆ బృందం కొట్టిపారేయలేదు. కాకపోతే లెక్కగట్టి చూస్తే, మొదట ఉన్నవి కొద్ది పులులే అనుకుంటే చాలు, ఇంత నలుపు పోగుపడొచ్చని తేలింది.

నాకు భయమేసేది నలుపును చూసి కాదు. దాన్ని పాకించిన అదృష్టమే రేపు ఏ జబ్బునైనా పాకించగలదు, సంఖ్య తగ్గేకొద్దీ చెడును ఏరిపారేసే శక్తి వరణానికీ సన్నగిల్లుతుంది. అందుకే 2024 చివర్లో మహారాష్ట్ర తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తెచ్చి వదిలారు. జీనత్‌కు అత్తారిల్లు నచ్చలేదు. జార్ఖండ్ మీదుగా బెంగాల్ దాకా నడిచిపోయింది. బాంకుడాలో మత్తు సూదేసి పట్టుకుని, మళ్లీ సిమిలిపాల్‌కే తెచ్చారు.