అనంతగిరి దారిలో ఆగ్నేయపు ఆకాశం

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో టెంటు వేసుకుని టీవీ చూడాలనుకునేవాళ్లు బయల్దేరే ముందు హైదరాబాద్ మెట్టుగూడలోనే ఒక్కసారి తలెత్తి చూడాలి. 2017లో మెట్రో రైళ్లు మొదలైన వంతెనకు కొన్ని అడుగుల దూరంలో ఉన్న మేడల మీద కూడా డిష్‌లు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఎదురుగా అంత కాంక్రీటు ఉన్నా సిగ్నల్ ఆగకపోవడానికి కారణం ఉంది. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నేల నుంచి సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత పైనుంచి దిగే తరంగాలకు అడ్డు తగలాలంటే గోడ మరీ దగ్గరగానైనా ఉండాలి, మరీ ఎత్తుగానైనా ఉండాలి. ఊరు దాటితే టీవీ రాదన్న మాట రామంతపూర్ దూరదర్శన్‌ను మేడ మీది యాంటెనాతో పట్టుకున్న రోజుల్లో నిజం. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల పైన ఉన్నప్పుడు మెట్టుగూడకూ అనంతగిరికీ తేడా లేదు. తేడా అంతా డిష్‌ను నిలబెట్టడంలోనే ఉందని నా వాదన.

వికారాబాద్ దాకా రైలు ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషాలు తక్కువ. లింగంపల్లి దాటాక జనం పలచబడతారు, ఆపైన నేల ఎర్రబడుతుంది. ఈ దారిలో నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక సైడింగ్‌లో ఆగి ఉన్న క్యాంప్ కోచ్. ట్రాక్ మెషీన్ల సిబ్బంది ఇలాంటి పెట్టెల్లోనే వండుకుని, పడుకుని, పని ఉన్న చోటికల్లా తరలిపోతుంటారు. మన దగ్గర కారవాన్ అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే. దాని డిష్ పెట్టె పైకప్పు మీద లేదు. పక్కనే కంకరలో పాతిన ఇనుప గొట్టానికి బిగించి ఉంది. గొట్టం మొదట్లో రెండు రాళ్లు, అక్కడి నుంచి కిటికీ సందులోకి నల్ల వైరు. పైన 25,000 వోల్టుల కరెంటు తీగ ఉండగా పైకప్పు ఎక్కే మాటే లేదు. తీగ లేకపోయినా నేల మీద పెట్టడమే సరైన పద్ధతి. పెట్టె స్ప్రింగుల మీద ఉంటుంది. లోపల మనిషి నడిస్తే కాస్తయినా కదులుతుంది. రెండడుగుల డిష్ దిక్కు ఒకటిన్నర డిగ్రీ తప్పితే చాలు, అందే సిగ్నల్ సగానికి పడిపోతుంది. టెంపో ట్రావెలర్ పైకప్పు మీద డిష్ కట్టుకుని, బొమ్మ ఆగినప్పుడల్లా సెటాప్ బాక్సును తిట్టుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అనంతగిరిలో అసలు చిక్కు చెట్లతోనే. ఇక్కడ కంటిని నమ్మకూడదు. మనం వాడేది ఆఫ్‌సెట్ డిష్. దాని ముఖం 40 డిగ్రీల మేరకే పైకెత్తినట్టు కనిపిస్తుంది గానీ, చూసేది అంతకన్నా చాలా పైకి. ఎదురుగా ఖాళీ ఉంది కదా అని పెద్ద చెట్టు కొమ్మల కింద నిలబెడితే సిగ్నల్ ఆకుల్లోనే పోతుంది. నా లెక్క సులువు: ఆగ్నేయాన ఉన్న చెట్టు ఎత్తులో సగం కంటే కాస్త ఎక్కువ దూరం ఇవతలికి జరగాలి. లండన్ దగ్గర అక్కడి టీవీ ఉపగ్రహం పాతిక డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరం జరగాలి. ఆ దేశాల కారవాన్ పుస్తకాల్లోని భయాలు మనకు అక్కర్లేదు.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా టీవీ అందింది. అప్పటి డిష్ వెడల్పు పదడుగులు, ఒళ్లంతా కోళ్ల గూటికి వేసే జాలీ. ఆ ఉపగ్రహం 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది కాబట్టి ఇక్కడి డిష్‌లు పడమటి వైపు చూసేవి. టవర్లు చేరని ఊళ్లకు ఆకాశం నుంచే టీవీ ఇవ్వొచ్చని అప్పుడే తేలిపోయింది.

చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకనే వాళ్లున్నారు. ఒక్కరు చూసుకోవడానికి ఫోను చాలు. కానీ సెలవు రోజున కొండ మీద జనం పెరిగేకొద్దీ ఒకే టవర్ మీద భారం పెరుగుతుంది. డిష్‌కు ఆ బాధ లేదు, ఎందరు చూసినా సిగ్నల్ తరగదు. ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా కూడా లేదు. వానపడితే ఆగిపోతుంది కదా అన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. ఈ తరంగాలను జడివాన మింగేస్తుంది. మూడడుగుల డిష్ పెడితే కొంత తట్టుకుంటుంది, కుండపోతకు అదీ చాలదు. ఇక అడవికొచ్చి టీవీ ఏమిటన్న కోపానికి నా జవాబు ఒకటే: పక్క టెంటును ఇబ్బంది పెట్టేది సౌండే, డిష్ కాదు. సౌండు తగ్గించుకోండి. నీడ చూసి టెంటు వేసుకోండి, ఎండ చూసి డిష్ పాతండి. రెంటి మధ్యా ఇరవై మీటర్ల వైరు ఉంటే దేన్నీ వదులుకోనక్కర్లేదు.