బ్రూనో చెవి ఖరీదెంత?

ఢిల్లీలో ఆర్.కె. పురం నిండా కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లే. ఎవరూ స్థిరంగా ఉండరు. బదిలీ ఆర్డరు వస్తే సామాన్లు లారీ ఎక్కుతాయి, లాబ్రడార్ రైలెక్కుతుంది. పక్కనున్న మునీర్కా సందులో కుక్కలకు స్నానం పోసి, బొచ్చు కత్తిరించే చిన్న షాపు నడుపుతున్న మా తెలుగావిడకు ఈ సంగతి బాగా తెలుసు. ఇప్పుడు వంతు ఆవిడదే. వాళ్లాయన రిటైరవుతున్నారు, మకాం హైదరాబాద్‌కి. షాపు అమ్మాలి. ఆడిట్ శాఖలో చేసి వచ్చినవాణ్ణి కదా అని లెక్కలు చూసిపెట్టమంది.

సామాన్ల జాబితా చిటికెలో అయిపోయింది. తొట్టి, ఎత్తు మార్చుకునే టేబులు, పెద్ద బ్లోయరు, క్లిప్పర్లు, బ్లేడ్లు. సెకండ్‌హ్యాండ్‌లో వీటికి పలికేదెంతని! కొనవచ్చినాయన వాటివైపు చూడనే లేదు, మూడేళ్ల రిటర్నులు అడిగాడు. యూపీఐలో పడ్డవి బ్యాంకు చూపిస్తుంది. చేతికిచ్చిన నోట్లను ఎవరు చూపిస్తారు? పన్నువాళ్లకు తగ్గించి చెప్పిన ఆదాయాన్ని బేరగాడికి పెంచి చెబితే చెల్లదు. ఈ దేశంలో చిన్న షాపులన్నీ అమ్మకం దగ్గర తడబడేది ఇక్కడే.

అప్పుడు బయటికొచ్చింది, షాంపూ మరకల డైరీ. “బ్రూనో: ఎడమ చెవి ముడితే కరుస్తాడు. ముందు బిస్కెట్టు.” “చుట్కీ, షిట్జూ: చంకల్లో ఉండలు. దువ్వొద్దు, కత్తిరించాలి.” ఒక హస్కీ పేరు కింద ఎర్ర సిరా: “ఎండాకాలం గుండు చేయమంటారు. చేయొద్దు.” హస్కీది రెండు పొరల బొచ్చు. అది తీసేస్తే ఢిల్లీ ఎండ సూటిగా చర్మం మీద పడుతుంది. డబ్బులొచ్చే పనిని వద్దని చెప్పే షాపుకి జనం మళ్లీ వస్తారు. బేరంలో గుడ్‌విల్ పేరిట రేటు కట్టేది దీనికే.

అయితే ఈ గుడ్‌విల్‌కి చిల్లుంది. డైరీలో చాలా పేర్ల పక్కన జైపూర్ అనో చెన్నై అనో రాసుంది, అవన్నీ వెళ్లిపోయిన కుక్కలు. నేను కొనేవాణ్ణయితే ఈ ఏడాది వచ్చినవాటినే లెక్కపెడతాను. పైగా బ్రూనో చెవి ముట్టనిచ్చేది కత్తెర పట్టే కుర్రాణ్ణి ఒక్కణ్ణే. కుర్రాణ్ణి కాగితం మీద రాసివ్వలేం. జీతం మాట్లాడుకోవాల్సింది కొత్తాయనే.

గది కూడా ఆవిడది కాదు. నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. ఓనరుతో రాసుకున్న ఒప్పందమే దిక్కు. ఆయన సరేనన్నాడు, అద్దె పెంచుతానని కూడా అన్నాడు.

మిగిలింది పోటీ షరతు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, వ్యాపారం చేయొద్దని ఒకరిని కట్టడి చేసే ఒప్పందం చెల్లదు. గుడ్‌విల్ అమ్మినవాళ్లకు మాత్రం మినహాయింపు. ఫలానా హద్దుల్లో, సబబైన మేరకు, అదే వ్యాపారం పెట్టబోమని రాసివ్వొచ్చు. కొనేవాడు “ఢిల్లీ మొత్తం” అని రాసుకొచ్చాడు. నేను సెక్టార్ల లెక్కన బేరమాడదామంటే ఆవిడ నవ్వేసింది.

“హైదరాబాద్ పోయేదాన్ని, ఢిల్లీ ఏం చేసుకుంటానన్నయ్యగారూ? రాసుకోమనండి. బోర్డు మీద పేరు మాత్రం నాతో కూకట్‌పల్లి వస్తుంది.”

ఆయన డబ్బు పెడుతున్నదే ఆ పేరుకి. వచ్చే వారం మళ్లీ కూర్చోవాలి.