ఈ-వేలంలో పాట పరిమితి

అప్పు తీరని తనఖా ఆస్తులను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఆన్‌లైన్‌లో వేలం వేసేటప్పుడు, పాటదారు ఎత్తుగడను మొదట నిర్ణయించేది వేలం ముగిసే నియమమే. ఈబేలో గడువు సెకనుతో సహా ఖాయం కాబట్టి, ఆఖరి క్షణం దాకా కాచుకుని ఎదుటివారికి బదులిచ్చే వ్యవధి లేకుండా పాట వేసే పద్ధతి అక్కడ పనిచేస్తుంది. బ్యాంకు ఈ-వేలంలో చివరి నిమిషాల్లో ఎవరు పాడినా గడువు సాధారణంగా మరో ఐదు నిమిషాలు పెరుగుతుంది, మళ్లీ పాడితే మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఆ ఎత్తు ఇక్కడ పారదు, పాటదారుకు మిగిలే ఆయుధం ముందే రాసిపెట్టుకున్న గరిష్ఠ ధర ఒక్కటే.

ఫ్లాట్ల వేలాల్లో ఈ వ్యాసకర్త ఆ అంకెకు రిజర్వు ధర నుంచి, అంటే బ్యాంకు నిర్ణయించిన కనీస ధర నుంచి, పైకి లెక్కించుకుంటూ పోలేదు. అదే అపార్టుమెంటులో ఇటీవలి అమ్మకపు ధర నుంచి కిందికి దిగుతూ వచ్చారు. దస్తావేజులో రాసిన విలువ కంటే అపార్టుమెంటు సంఘం కార్యదర్శి చెప్పే ధరే తరచు వాస్తవానికి దగ్గరగా ఉంటుంది, పైగా మెయింటెనెన్సు బకాయి ఎంతో కూడా అక్కడే తెలుస్తుంది. ఆస్తి ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముడవుతుంది కనుక ఆ బకాయి, ఆస్తిపన్ను, కరెంటు బిల్లు సాధారణంగా కొన్నవారి నెత్తినే పడతాయి. వాటితోపాటు రిజిస్ట్రేషన్ ఖర్చునూ తీసివేయాలి. ప్రకటనలో ‘సింబాలిక్ పొసెషన్’ అని ఉంటే, అంటే స్వాధీనం కాగితం మీదే జరిగి పాత యజమాని ఇంకా ఇంట్లోనే ఉంటే, ఖాళీ చేయించే కాలానికి వడ్డీ, అద్దె నష్టం కూడా లెక్కలోకి రావాలి. అందరికంటే హెచ్చుగా పాడినవారే ఆస్తి విలువను అతిగా అంచనా వేసినవారు కావడానికి అవకాశం ఎక్కువ. అర్థశాస్త్రం ‘విజేత శాపం’ అని పిలిచే ఈ ప్రమాదానికి కూడా కొంత తగ్గించుకోవడం మేలు.

విలువ లెక్క తేలినా చేతిలో ఆడే డబ్బు లెక్క వేరే ఉంటుంది. రిజర్వు ధర 40 లక్షలు, ముందుగా కట్టిన ధరావతు 4 లక్షలు అనుకుంటే, పాట 48 లక్షల వద్ద ఖరారైనప్పుడు నాలుగో వంతు అయిన 12 లక్షలు అదే రోజు గానీ మరుసటి పనిదినానికి గానీ పూర్తి కావాలి, అంటే అప్పటికప్పుడు మరో 8 లక్షలు తేవాలి. మిగిలిన 36 లక్షలకు అమ్మకం ధ్రువీకరించిన నాటి నుంచి 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది గరిష్ఠంగా మూడు నెలల వరకు పెరగవచ్చు. రుణం ఆలస్యమైందన్న కారణం ఇక్కడ రక్షణ కాదు: అలా మిగతా సొమ్ము కట్టలేకపోయిన కొనుగోలుదారు అప్పటికే కట్టిన 25 శాతాన్ని బ్యాంకు జప్తు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పింది. అందుకే ఈ వ్యాసకర్త ఆస్తి విలువ నుంచి దిగివచ్చిన అంకె, 15 రోజుల్లో రుణంతో పనిలేకుండా సమకూరే సొమ్ము, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే పాట పరిమితిగా పెట్టుకున్నారు. చాలాసార్లు ఆ రెండోదే తక్కువగా తేలింది.