తంగేడు పువ్వూ, మా ఇంటి దూలమూ

గౌలిపురలో మాది తాతల నాటి పెంకుటిల్లు. వసారా దూలానికి ఎవరో డ్రిల్లింగ్ మెషిన్ పెట్టి తొలిచినట్టు గుండ్రటి రంధ్రాలు. అవి తుమ్మెదల పని. "దూలమంతా తొలుస్తున్నయ్ రా, సిమెంటు పెట్టి మూసేద్దాం" అని నాన్న రెండేళ్ళుగా పోరు. నేను వద్దంటున్నా.

మొన్న బతుకమ్మకి తంగేడు కావాలని అమ్మ అంటే, నేనూ నాన్నా పొద్దున్నే బాలాపూర్ దాటి రాళ్ళ వైపు నడిచాం. గడ్డిచామంతి మీద చిన్న చిన్న ఈగలు, సీతాకోకచిలుకలు. తంగేడు మీద మాత్రం నల్లటి లావుపాటి తుమ్మెద. వాలగానే "జుయ్య్" మని ఒక్క క్షణం గట్టిగా మోగి ఆగిపోతోంది. ఎగిరేటప్పటి మోత వేరు, ఇది ఇంకాస్త సన్నం. (అన్నట్టు, తుమ్మెదంటే ఏంట్రా అని మా టీంలో అడిగితే ఇద్దరు తూనీగ అన్నారు!)

సంగతేంటంటే, తంగేడులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ మామూలుగా రాలదు. కేసరాల కొసన చిన్న రంధ్రం, పౌడరు డబ్బాకి ఉన్నట్టు. తుమ్మెద పువ్వుని పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాల్ని మాత్రం వణికిస్తుంది. అచ్చం వైబ్రేషన్‌లో పెట్టిన సెల్‌ఫోనే. పుప్పొడి దాని పొట్ట మీద చిమ్ముతుంది, అందులో కొంత పక్క పువ్వుకి చేరుతుంది. తేనెటీగకి ఈ విద్య రాదు. మన వంకాయ, టమాటా పువ్వులదీ ఇదే కథ. యూరప్‌లో 1980ల చివర్నించి గ్రీన్‌హౌస్ టమాటాల కోసం బంబుల్ ఈగల్ని పెట్టెల్లో కొనుక్కుంటున్నారు. మన మైదానాల్లో అవి లేవు. తుమ్మెదా, ఇంకొన్ని చిన్న ఈగలూ ఆ పని ఊరికే చేసిపెడుతున్నాయి.

వాటికి కావల్సిందల్లా పువ్వులు, రంగెయ్యని ఎండు కర్ర. ఆ సొరంగంలో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, రంపప్పొట్టుతో గోడ కడుతుంది. ఆ పక్కన ఇంకో గది.

ఇదంతా చెప్తే నాన్న ఓపిగ్గా విని, "మరి దూలం నెత్తిన పడితే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అన్నయ్య అప్పటికే బిల్డర్‌తో మాట్లాడుతున్నాడు, మూడంతస్తులట. కొత్తింట్లో కర్రంటే పాలిష్ పెట్టిన తలుపులే. పాత దూలంలో ఒక ముక్క డాబా మీద ఎండా వానా తగలని చోట ఉంచమని అడిగాను. నాన్న ఇంకా ఊ అనలేదు.