పిన్ను పట్టడం ఆఖరి సంగతి

"అన్నా, సన్న పిన్ను చార్జర్ ఒకటి ఇయ్యి." తలుపుల ఊళ్లో రిపేరు దుకాణం పెట్టుకున్నవాడికి రోజూ వినపడే మాట ఇది. ఏ మిషనుకో, ఎన్ని వోల్టులదో చెప్పరు. పిన్ను పడితే చాలు, మిషను ఆడుతుందని వాళ్ల లెక్క. నా లెక్క దానికి తలకిందులు. పిన్ను నేను అన్నిటికన్నా ఆఖర్న చూస్తాను.

ఎందుకంటే బయట 5.5, లోపల 2.1 మిల్లీమీటర్లుండే గుండ్రటి పిన్ను ఎన్నో వస్తువులకు వస్తుంది. వైఫై రౌటర్లకూ, సీసీ కెమెరాలకూ తరచుగా అదే. భజనల్లో, చర్చిల్లో వాయించే పాత క్యాసియో కీబోర్డుల్లో చాలావాటికీ అదే. ఆ కీబోర్డుల ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులది. పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. రౌటర్ అడాప్టర్ చాలామటుకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. భజన పొద్దుకు అడాప్టర్ చెడిపోయిందని ఇంట్లో రౌటర్‌ది పీకి పెట్టారనుకోండి, పిన్ను చక్కగా కూర్చుంటుంది. వోల్టేజీ ఎక్కువ, పైగా ప్లస్సు మైనస్సు తారుమారు. లోపల అడ్డుకునే డయోడ్ ఉంటే బతికింది, లేకుంటే బోర్డు పోయినట్టే. అదే కంపెనీ తర్వాతి మోడళ్లలో కొన్నిటికి 9.5 వోల్టుల అడాప్టర్ వచ్చింది, దానికి మధ్యలో ప్లస్. కంపెనీ పేరు చూసి కూడా కొనడానికి లేదు.

అందుకే ముందు మిషను వెనకాల రాత చదువుతాను. వోల్టులు అక్కడ ఎంతుంటే అంతే ఉండాలి. ఆంపియర్లు తగ్గకూడదు, ఎక్కువుంటే బాధ లేదు. "ఒక ఆంపియర్ మిషనుకు రెండు ఆంపియర్లది పెడితే కాలిపోదా?" అని అడుగుతారు. "బాయిలో నీళ్లు ఎక్కువుంటే మడి మునగదు కదా పెద్దాయనా, మోటారు తోడినంతే కదా పారేది" అంటాను. తర్వాత గుండ్రటి బొమ్మలో మధ్య చుక్క ప్లస్సుకు కలిసిందో, మైనస్సుకు కలిసిందో చూస్తాను. అవుట్‌పుట్ దగ్గర అల లాంటి గీత ఉంటే అది ఏసీ ఇచ్చే రకం, డీసీ మిషనుకు పనికిరాదు.

ఇన్‌పుట్ వరసను చాలామంది చూడనే చూడరు. కువైట్ నుంచి తెచ్చిన వస్తువుకు ప్లగ్గు ఆకారమే వేరు, అక్కడా కరెంటు 240 వోల్టులే. అమెరికా నుంచి వచ్చినదానిమీద 100–240 అని ఉంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు పెట్టగానే పొగొస్తుంది. దానికి ప్లగ్గు మార్చే ముక్క అమ్మితే నేనే కాల్చినట్టు.

కొత్త అడాప్టర్‌ను ఒట్టి మీటరుతో చూసి నమ్మను. ఏ లోడూ లేనప్పుడు నాసిరకంది కూడా 12 చూపిస్తుంది. బండి ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, తగిలిస్తే పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. రెండు ఆంపియర్లని రాసుకున్నది అక్కడ తొమ్మిదికో పదికో జారితే దాని రంగు బయటపడుతుంది. ఇంట్లో సెట్‌టాప్ బాక్సు ఊరికే ఆగి మళ్లీ మొదలవుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం దీనికి ఎదురు: 9 అని రాసి, లోడు లేకుంటే 12 దాటుతుంది.

అసలు ప్రమాదం మీటరుకు అందదు. 230 వోల్టులు లోపల డీసీగా మారితే 325 దాకా వెళ్తుంది. ఆ వైపుకూ మనం పట్టుకునే వైరు వైపుకూ మధ్య బోర్డుమీద బాగా ఎడం ఉండాలి. చవకరకం విప్పి చూస్తే గీతలు ఒకదాన్నొకటి రాసుకున్నట్టుంటాయి, ఫ్యూజు జాగాలో వైరు ముక్క ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది. 2012లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు కింద తర్వాత అడాప్టర్లకూ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. గుర్తు కింద ఆర్ అక్షరం, ఎనిమిది అంకెలు ఉంటాయి. గుర్తు ఎవడైనా అచ్చేసుకోవచ్చు, కాబట్టి ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, కంపెనీ పేరు కలుస్తుందో లేదో చూస్తాను.

ఇవన్నీ కుదిరాకే పిన్ను. అది బిగువుగా పట్టాలి, వదులైతే అక్కడే వేడెక్కుతుంది. నా దగ్గర సరైనది లేకుంటే కదిరిలో చూసుకోమంటాను, "దీంతో నడిపించేస్తాంలే" అని మాత్రం అనను. అమ్మిన ప్రతిదానిమీదా ఏ మిషనుదో మార్కర్‌తో రాసి ఇస్తాను. చెడిపోయినా పారేయకుండా దాన్నే పట్టుకు రమ్మంటాను. పిన్ను కొలత చెప్పేవాళ్లకన్నా పాత అడాప్టర్ తెచ్చినవాళ్ల పని తొందరగా అవుతుంది.