ప్రతిపదార్థం తర్వాతే తాత్పర్యం

మా అత్తయ్య పాడిన మంగళహారతులు, పెళ్ళి పాటలు, మధ్యమధ్యలో మనవరాలిని ముద్దుగా కసురుకున్న మాటలు... అన్నీ కలిపి 60కి పైగా రికార్డింగులు మా దగ్గరున్నాయి. ఆవిడ పోయాక వాటిని నాలుగు ఫోన్లలోంచి ఏరి మా పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాం. పుణేలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి దసరాకి వచ్చినప్పుడు అందులో ఉబుంటు, జెల్లీఫిన్ వేసి "ఇకనుంచి ఇదే మన ఇంటి సర్వర్ అమ్మా" అంది. సర్వర్ అంటే బ్రహ్మపదార్థమేం కాదండీ. ఎప్పుడూ ఆన్‌లో ఉండి, అడిగినవాళ్ళకి అడిగింది అందించే కంప్యూటర్, అంతే. విశాఖలో ఉన్న మా ఆడపడుచు రోజూ పడుకునేముందు ఫోన్లో వాళ్ళమ్మ పాట ఒకటి వినేది.

కిందటి నెల ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం. కొత్త రౌటర్ బిగించి వెళ్ళారు. ఫోన్లు, టీవీ బాగానే పనిచేశాయి. ఆ రాత్రి విశాఖ నుంచి ఫోన్.

"వదినా, అమ్మ పలకడం లేదు."

ఆ మాటకి నాకు గుండె కలుక్కుమంది. మా ఆయన క్యాంపులో ఉన్నారు. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు చేసినా "రౌటర్ ఆపి ఆన్ చెయ్యండి మేడమ్" అనే పాటే.

బీఏలో మా తెలుగు మాస్టారు ఎంత కష్టమైన పద్యమిచ్చినా తాత్పర్యానికి ఎగబడనిచ్చేవారు కాదు. ముందు పదం విడదియ్యాలి, ఒక్కోదానికీ అర్థం చెప్పాలి. నేనూ అలాగే మొదలుపెట్టాను. అమ్మాయి ఫోన్లో తోడుంది.

మొదటి మాట, వైరు. ల్యాప్‌టాప్ దగ్గర, రౌటర్ దగ్గర లైట్లు వెలుగుతున్నాయి. అక్కడ తప్పు లేదు.

రెండోది, నంబరు. ఇంట్లో ప్రతి పరికరానికీ ఒక నంబరుంటుంది. నా ఫోన్ నంబరు 192.168.1తో మొదలైంది. సర్వర్‌ది మాత్రం 192.168.0.50. మాటిమాటికీ మారకుండా పాత రౌటర్ వరసలో స్థిరంగా రాసిన నంబరది. కొత్త రౌటర్ వరస వేరు. ఇల్లు మారినా పాత వీధి పేరే చెబుతుంటే ఉత్తరాలెలా వస్తాయి? నంబరుని 192.168.1.50 చేసి, బయటికి దారి చూపే గేట్‌వే కూడా మార్చాను. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా రౌటర్‌లోనూ నమోదు చేశాను. మా టీవీలో అత్తయ్య పాడింది!

మూడోది, పేరు. సర్వర్ నుంచి 8.8.8.8కి పింగ్ చేస్తే జవాబొచ్చింది. వెబ్‌సైటు పేరు రాసి చేస్తే రాలేదు. అంటే దారి ఉంది, పేరుని నంబరుగా మార్చి చెప్పేవాళ్ళే లేరు. ఆ పని చేసేది డీఎన్ఎస్. ఆ గడిలో ఇంకా పాత రౌటర్ నంబరే ఉంది. అదీ మార్చాను.

అయినా విశాఖలో పలకలేదు. రెండు పాటలు వాట్సాప్‌లో పంపాను కానీ, ఆవిడకి కావలసింది తనకి తోచినప్పుడు తోచిన పాట.

అసలు ముడి నాలుగోదాంట్లో ఉంది. రౌటర్ పేజీలో మా బయటి అడ్రసు 100.72తో మొదలైంది. 'నా ఐపీ ఏమిటి' అని బ్రౌజర్‌లో వెతికితే ఇంకోటి చూపించింది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లే. అవి చాలక కంపెనీలు చాలా ఇళ్ళని ఒకే అడ్రసు వెనక ఉంచుతాయి. దాన్ని సీజీనాట్ అంటారు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసని 2012లో ఇందుకే కేటాయించారు. ఫ్లాట్ నంబరు లేకుండా అపార్ట్‌మెంట్ పేరొక్కటే ఉన్నట్టన్నమాట. మనం బయటికి వెళ్ళగలం, చుట్టం మాత్రం వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతాడు. మన రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా లాభం లేదు, మూసిన గేటు మనది కాదుగా.

విడిగా స్టాటిక్ ఐపీ కావాలంటే నెలనెలా అదనంగా కట్టమన్నారు. అమ్మాయి టెయిల్‌స్కేల్ వెయ్యమంది. సొంత వాడకానికి అది ఉచితం. సర్వర్, ఆడపడుచు ఫోన్ రెండూ తమంతట తామే బయటికి వచ్చి కలుసుకుంటాయి, ఎవరూ గేటు తోసుకుని లోపలికి రానక్కర్లేదు. వీడియో కాల్‌లో ఆవిడ చేత అరగంట కూర్చోబెట్టి వేయించాను. రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది. "పలికింది వదినా."

వైరు, నంబరు, పేరు, బయటి అడ్రసు. ఈ నాలుగు మాటలూ, మా ఇంటి నంబర్లతో సహా, పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టాను. మీ ఇంట్లో నెట్ ఆగినా ఇదే వరసలో చూడండి. దగ్గరున్నదాన్నుంచి దూరానికి వెళ్తే ఎక్కడ తెగిందో అదే చెబుతుంది. ఇంకోమాట, పాటలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కూడా ఎక్కించి ఆడపడుచుకి పంపాను. నెట్ ఇవాళ కాకపోతే రేపు బాగవుతుంది. గొంతు పోతే మళ్ళీ రాదు.