అనపర్తి కోళ్లశాలలో ఒక ఉదయము

తూర్పు గోదావరి జిల్లాలో అనపర్తి పరిసరములకు పోవు బాటసారికి వరిచేల నడుమ బారులు తీరిన కోళ్లషెడ్లు దూరమునుండియే కనిపించును. అట్టి యొక షెడ్డులోనికి మందునీటిలో పాదములు తడుపుకొని నేను ప్రవేశించునప్పటికి, పొదుగుయంత్రమున 21 దినములు గడిపి, ముందటి రాత్రి గ్రుడ్డు చీల్చుకొని వెలువడిన లెగ్‌హారన్ సంకరజాతి పిల్లలు అట్టపెట్టెలలో దిగుచుండెను. పచ్చసొన శేషము పొట్టలో నిలిచియుండుటచేత రెండు మూడు దినములు మేత లేకున్నను బ్రతుకగలవు గనుకనే వానికీ ప్రయాణము సాధ్యమగుచున్నది. అయినను పనివారు ఒక్కొక్కదాని ముక్కును బెల్లపునీట ముంచి, గుటక పడిన పిదపనే క్రిందికి విడిచిరి.

రేకులతో కట్టిన దడి గుండ్రముగా నుండెను. మూల యున్నచో చలికి పిల్లలన్నియు నచటనే యొండొంటిపై నెక్కి ఊపిరాడక చచ్చునట. ఊకను మేత యనుకొని తినకుండ తొలి దినములందు దానిపై వార్తాపత్రికలు పరతురు. మా వ్రాతలకు ఇంతటి నిశ్చితమైన ప్రయోజనమును నేను మఱెక్కడను చూచి యెఱుగను.

వ్రేలాడు దీపముల క్రింద తొలివారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండవలెను. ఆపై వారమునకు ఐదేసి డిగ్రీలు తగ్గింతురు. ఉష్ణమాపకము తగిలించియే యున్నది గాని, అచటి ముసలి పనికత్తె దానివంక చూడనైన చూడదు.

“పిల్ల ఎలా పడుకుందో చూడండి బాబూ, వేడి సంగతి అదే చెబుతాదండి” అని ఆమె నాకు చూపెను. దీపముల క్రింద గుంపుగూడినచో చలి. రెక్కలు జార్చి, నోరు తెఱచి దడి నంటుకొన్నచో అధికోష్ణము. ఒక ప్రక్కకే ఒత్తుకొన్నచో ఎచటనో గాలి దూరుచున్నది. ఆనాడు పిల్లలొక వంకకే చేరగా నామె రెండవ వైపు గోనెపరదా దింపి కట్టెను. కొంతసేపటికవి ఆరబోసిన మొక్కజొన్న గింజలవలె నేలయంతట పరచుకొన్నవి.

మొదటి వారమున కొక్కెర తెగులునకు కంటిలో టీకాచుక్క వేయుదురు. తడిసిన ఊక రక్తపారుడు వ్యాధికి పుట్టిల్లగుటచే దానిని తిరుగవేయుట నిత్యకృత్యము. ఎదుగు కాలమున దీపకాలమును పెంచరు. పెంచినచో దేహము పండకముందే పెట్ట గ్రుడ్డుకు వచ్చి చిన్నగ్రుడ్లే పెట్టును. గ్రుడ్డుకు వచ్చిన పిదప క్రమముగా 16 గంటల వెలుగునకు పెంచి, పెంకు గట్టిపడుటకు మేతలో సున్నపురాతి నలుసులు కలుపుదురు.

ప్రక్క షెడ్డున పెట్టలు రెక్క చాచుటకైన చాలని తీగగూళ్లలో నిలిచియుండెను. పిల్ల పడకను చూచి వేడి సవరించినవారే పెట్టయైన పిదప దాని సుఖమును విచారింపరేమని యజమానిని ప్రశ్నించితిని.

“నేలమీద వదిలితే గుడ్డు మురికవుతాదండి, మేత దండగవుతాది. ఆ ఖర్చు కలిపి ధర ఇచ్చేదెవరండీ?” అని ఆయన బదులు పలికెను. లెక్కలో దోషమేమియు లేదు; ఆ గూడు మాత్రము నాకు నచ్చలేదు.